మచ్చు

ముప్పైరెండేళ్ళు మిర్చి యార్డులో గుమస్తాగిరీ.
చీకట్లో చెయ్యి పెట్టి చెబుతాను
ఏది తేజ, ఏది మూడు ముప్పై నాలుగు,
ఏ బస్తా అడుగున తాలు కలిపారో.
అలాంటి నేను
పట్నంబజారులో విత్తనాల కొట్టు ముందు
బళ్ళో కొత్తగా చేరిన పిల్లాడిలా నిలబడ్డాను.

"టమాటా విత్తనాలు కావాలండీ."
"ఏ రకం?"
"ఎర్రగా పండే రకం."
పూర్ణానందం గారు కళ్ళజోడు మీదుగా చూశాడు.
"చారుకా, పప్పుకా, నిలవ పచ్చడికా?
పొలంలోకా, డాబా మీదకా?"

పొట్లాలు పరిచాడు పేకముక్కల్లా.
పూసా రూబీ. పులుపు బాగుంటుందట,
తోలు పలచన, బజారు దాకా ఆగదట.
నాకు బజారెందుకు,
పద్నాలుగు మెట్లు దిగి వంటింటి దాకా ఆగితే చాలు.
అర్కా రక్షక్. ఆకుముడతకి లొంగదు,
"సైనికుడండీ" అన్నాడు.
మరి రుచి, అంటే
చిల్లర లెక్కపెట్టడం మొదలెట్టాడు.
చెర్రీ రకం కూడా ఉంది, గుత్తులు గుత్తులుగా.
పచ్చడికి ఎన్ని కొయ్యాలి,
వాటితో గోళీలాడుకో అంటుంది ఎస్తేరు.

ఓట్ల పోస్టర్లలా
ప్రతి పొట్లం మీదా ఒకటే నవ్వు.
మా దగ్గరైతే బస్తా కుట్టు విప్పి,
పిడికెడు తీసి, కాయ విరిచి, గింజ చూసి,
రెండు సార్లు తుమ్మి, ఆ తర్వాతే ధర.
మచ్చు చూపకుండా అమ్మేది
లోకంలో ఈ ఒక్క కొట్టే.

ఒక సంగతి ఆయనకి చెప్పలేదు.
యార్డు ఘాటు నా ముక్కుని ఎప్పుడో తినేసింది.
మల్లెపూలకీ మాడిన పప్పుకీ తేడా
ఎస్తేరు మొహం చూసి తెలుసుకుంటాను.
ఆమధ్య మా సంగడిగుంటలో
మస్తాన్‌బీ డాబా ఎక్కి కేబుల్ వైరు సరిచేస్తుంటే
మోచెయ్యి ఏదో మొక్కకి రాసుకుంది.
ఒక్క క్షణం,
పచ్చిగా, చేదుగా,
వానలో తడిసిన ఇనపగేటులా
వాసన.
అది ఏ పొట్లం మీద రాసి ఉంటుంది?

ఏమీ కొనకుండా వచ్చేశాను.
కాదు, అబద్ధం.
మొహమాటానికి రక్షక్ పొట్లం ఒకటి కొన్నాను.

మస్తాన్‌బీని అడిగితే
పండొకటి తెంపి, రెండు చెక్కలు చేసి
ఉప్పు అద్ది ఇచ్చింది.
ఇదీ మచ్చంటే.
"రకం పేరు?"
"రామములక్కాయ. మా అత్త అట్టాగే అనేది."
గింజలు పేపరు మీద ఆరబెట్టి ఉంచింది,
అంటుకుపోయాయి. గోటితో గీకబోతే
"గీకమాక, కాగితంతోనే పూడ్చెయ్,
మట్టే ఊడదీసుకుంటది" అంది.

ఇంటికొచ్చి చూస్తే అది మిర్చి ధరల కాలమ్.
అంతకుముందేడు, రేటు పడిపోయిన వారం.
తేజ, క్వింటా, అని ఉన్నచోట
అంకె కనబడకుండా ఏడు గింజలు కూచున్నాయి.
కనబడకపోతేనేం, ఆ అంకె నాకు గుర్తే.
ఆ వారం ఫిరంగిపురం రైతొకాయన
టీ నీళ్ళు తాగుతూ బస్తాల మీదే పడుకుని
నాలుగోనాడు తెగనమ్ముకు పోయాడు.
చిట్టీ రాసింది నేనే.

ఉత్తర కార్తె వెళ్ళేలోపు
పెయింటు డబ్బాల్లో మట్టీ, మాగిన పేడా నింపి
కాగితం ముక్కలు చేసి
అక్షరం కిందికి, గింజ పైకి పెట్టి కప్పాను.
ఐస్‌క్రీం పుల్ల మీద పేరు రాయాలిగా,
రామములగ అని రాయబోతే
చెయ్యి అలవాటున తేజ అని రాసింది.
"నీ యార్డు బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు" అంది ఎస్తేరు.
కొట్టెయ్యలేదు. అట్టాగే గుచ్చాను.

పక్క డబ్బాలో రక్షక్ అప్పుడే మొలిచింది,
బుద్ధిగా, వరసగా.
ఇది ఇంకా రాలేదు.
పొద్దున్నే వంగి వాసన చూస్తున్నాను.
తడి మట్టి.
తడి మట్టేనని అనుకుంటున్నాను.