వీలైనంత వరకు

కాశీబుగ్గ బడి గోడమీద
సమానత్వ విధానం.
టైపు కొట్టింది నేనే.

జీడిపప్పు తొక్క తీసే కూర్మమ్మ
నల్లబడిన వేలు పెట్టి
కూడబలుక్కుంటోంది.
"కులం ఉన్నాది, మతం ఉన్నాది,
ఆడా మగా ఉన్నాది.
మా హైమకి చెవులినపడవు. అదేదీ?"

కింద చూపించాను:
వైకల్యం గల పిల్లలకు, వీలైనంత వరకు.

"ఎవులికి ఈలైనంత?
సట్టంలో ఆ ముక్క నేదు బాబూ,
సదివించుకునే వొచ్చినాను."

ఆమె వెనక ఇంకో నలుగురు.
ఒకాయన సైకిలు స్టాండు కూడా వేయలేదు.

హెడ్మాస్టరు కమిటీ అన్నారు, వచ్చే నెలన్నారు.
ఆమె బెంచీ మీద కూర్చుంది.
"ఫేక్టరీలో బద్దల్ని యేరే డబ్బాలో ఎడతాం.
పిల్లల్ని కూడానేటి?"

వేరే బడి కాగితం చూసి దించిన మాటలవి.
ఎవరూ అడగరనుకున్నాను.

సాయంత్రం
వైట్నర్ ఆరేదాకా ఊదుతూ నిలబడ్డాను.
కమిటీకి ఇంకా చెప్పలేదు.