గడప పసుపు

గిర్మాజీపేటల మేం కిరాయికుండే ఇల్లు
ఆజంజాహి మిల్లు కూతకు ఊరంత లేసిన కాలం నాటిది.
డంగుసున్నం గోడలు, టేకు దర్వాజ,
గడపకు పసుపుపచ్చ ఆయిల్ పెయింటు.
ఆ పెయింటు ఏసింది నేనే.

పందొమ్మిదేండ్లోణ్ణి అప్పుడు,
ఓదేలు మేస్త్రి ఎనక డబ్బాలు మోసేటోణ్ణి.
ఇంటి పెద్దమ్మ అన్నది:
"రోజు పసుపు పూసి పూసి నడుము వంగిపోయింది,
వానకు కారని పసుపుంటే పుయ్యి కొడుకా."
పూసిన. మూడు చేతులు.
మీద కుంకుమ బొట్ల లెక్క ఎర్రచుక్కలు,
అగ్గిపుల్లకు దూది చుట్టి, పదకొండు.
మేస్త్రి మెచ్చుకొని చాయ తాగిపిచ్చిండు.
ఏండ్ల తర్వాత ఈ ఇంట్లకే కిరాయికి దిగితె
నా చేతిపని నాకే ఎదురొచ్చిందని సంబురపడ్డ.

శ్రీనిజ పుట్టింది.
బోర్ల పడితె బొబ్బట్లు పంచినం,
గడప దాటితె గారెలు.
దాటేముందు పిల్ల ఆ గడప కాడనే ఆగేది.
రెండు చేతులు ఆనిచ్చి
వచ్చే పండ్ల దురదకు చెక్క అంచు చీకేది.
"లచ్చిందేవికి ముద్దు పెడుతుంది సూడు"
అని మా స్వరూప నవ్వేది.
అంచుకు పెచ్చులు లేచినయి.
ఒకటి రెండు తక్కువైతె ఎవరు లెక్క పెడతరు?

చాన రోజులకు నేను గూడ ఒక పెచ్చు
నాలుకకు అంటించుకొని చూసిన.
తియ్యగుంది.
విషం చేదుంటదని నాకెవడు చెప్పిండో!

అడుగులకు అరిసెలైనయి, ఆలస్యంగ.
పలుకులకు చిలకలే కాలేదు.
రెండేండ్లు దాటె, మూడు దాటె.
కడుపు పట్టుకొని ముడుచుకునేది,
పిలిస్తె వేరే దిక్కు చూసేది.
గాలి సోకిందన్నరు, తాయెత్తు కట్టిన్రు.
ఎంజీఎంల చిన్నపిల్లల డాక్టరమ్మ
పిల్లను చూసి, నా గోర్లు చూసి,
"ఏం పని జేస్తవ్?" అన్నది.

నెత్తురు పట్నం పోయింది.
తొమ్మిది రోజులకు కాయితమొచ్చింది.
సీసం, అన్నది.
నాకెరుకైన సీసం
బడిల తెలుగు సారు రాగం తీసిన పద్యం.
ఇంకోటి, చెవుల పోస్తరని విన్నది.
ఆ పొద్దు పోసిన్రు.

ఓదేలు మేస్త్రి యాదికొచ్చిండు.
ఆఖరుకు ఆయన కుడిచెయ్యి
నీళ్లందని తీగ లెక్క మణికట్టు కాడ వాలిపోయింది.
కల్లు ఎక్కువైందని అందరన్నరు.
నేను గూడ అన్న.

ఎన్ని పాత దర్వాజలు
ఉప్పుకాయితం పెట్టి పొడిపొడిగ రుద్దిన్నో!
ఆ దుమ్ము అంగీ మీద మోసుకొచ్చి
అదే అంగీతోని పిల్లను ఎత్తుకున్న.

తల్లీబిడ్డను జమ్మికుంటకు పంపి
మూతికి గుడ్డ కట్టి
నీళ్లు చల్లుకుంట, పొడి లేవకుంట గీకిన.
నా పసుపు కింద ఇంకెవరిదో ఆకుపచ్చ,
దాని కింద గోధుమ రంగు,
అన్నిటి కింద సింధూరం.
పాపంల గూడ నేను మొదటోణ్ణి గాదు.
పొద్దుగూకినంక టేకు కనిపించింది,
దెబ్బ మానిన తోలు లెక్క, లేతగ.

గీకిన తుక్కంత రెండు కవర్లల కట్టిన.
మోరీల పోస్తె ఎవరి బాయిల తేలుతదో,
చెత్తబండికి ఇస్తె ఎవరి పిల్ల ఏరుతదో.
ఇంకా సజ్జ మీదనే ఉన్నది.

మొన్న హన్మకొండల ఒక సేటు
గడపకు మెరిసే పసుపు కావాలన్నడు.
డబ్బా తిప్పి తిప్పి చదివిన.
రాసి లేదు. ఏసెయ్యనన్న.
పని వేరేటోనికి పోయింది.

స్వరూప ఇప్పుడు రోజు
గిన్నెల పసుపు కలిపి చేత్తోని పూస్తది.
వాన పడితె కారిపోతది. మల్ల పూస్తది.
పిల్ల పక్కన కూసోని వేలు ముంచుతది,
మాట్లాడది.

పంచదార చిలకలు కొని
ఉప్పు డబ్బా పక్కన దాచిన.
చీమలు కనిపెట్టక ముందే
ఏదన్నొకటి అను బిడ్డా,
తిట్టైనా సరే.