ఎనిమిది కిలోలు

సీజను ఆఖరి వారం.
ఖుంబూ గాలి రసీదుల్ని ఎగరేసుకుపోకుండా
వాటి మీద ఓ రాయి పెట్టి
కాటా ముందు కూర్చుంటాను.
కొండెక్కిన ప్రతివాడూ ఎనిమిది కిలోల చెత్త దించాలి.
దించితే ధరావతు వెనక్కి.
లేదంటే దానికి నీళ్ళొదులుకోవాలి.

కాటాకి బరువే తెలుసు, ఎత్తు తెలీదు.
నా ముక్కుకి తెలుసు.
ఉల్లితొక్కలు, పులిసిన నూడుల్సు, కిరసనాయిలు,
ఇవి కొట్టే సంచి
బేస్ క్యాంపు వంటపాకది.
నిజంగా పైనుంచి దిగిన చెత్తకి వాసనుండదు.
అక్కడ కుళ్ళటానిక్కూడా ఊపిరి చాలదు.

నిన్న ఒకాయన,
పెదాలు పగిలి, ముక్కు మీద తోలు లేచి,
వంటపాక సంచీ తగిలించి నవ్వాడు.
ఏడుంబావు, అన్నాను.
జేబులు తడుముకున్నాడు. చాక్లెట్ కాగితాలు,
రెండు బ్యాటరీలు, తెగిన బూటు తాడు,
చివరికి చేతిలో ఉన్న సీసా
గటగటా తాగేసి అదీ వేశాడు.
ముల్లు ఎనిమిదికి ఇంకా జానెడు దూరం.
వెళ్ళి ఇంకో సంచీ తెచ్చాడు, అదే వాసన.
చీటీ రాసిచ్చాను. ఏం చెయ్యను,
రూల్సులో ముక్కు మాట లేదు.

ఇవాళ మా తమ్ముడు ఛేవాంగ్ దిగాడు,
నాలుగో క్యాంపు నుంచి.
మంచులోంచి చెక్కి తీసిన గుడారం గుడ్డ,
దాని మడతలో
రంగు వదిలేసిన ఆక్సిజన్ సిలిండరు.
తుడిచాను.
అడుగున మూడు గీట్లు, ఒక అడ్డగీటు.

నాన్న గుర్తు.
కూలి లెక్క తేడా రాకూడదని
మోసిన ప్రతి బరువు మీదా మేకుతో గీసేవాడు.
అక్షరం రానివాడి సంతకం.
నేను పాలు తాగే రోజుల్లో
ఆయన పైకి మోసింది
ఇన్నేళ్ళకి కొడుకు వీపు మీద దిగింది.
ఎక్కించిన కూలి అప్పుడే ముట్టింది.
దించిన ధరావతు మాత్రం
ఛేవాంగ్‌ని పెట్టుకున్న దొరగారి పేరున.

టీ ఊదుకుంటూ అడిగాడు, "ఎంతుందక్కా?"
రెండు కిలోల ఏడొందలు.
"అంతేనా! పైన ముప్ఫై ఉన్నట్టుంది."

పుస్తకంలో తేదీ వేశాను, బరువు వేశాను.
'ఎవరిది' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
చలికి సిరా గడ్డకట్టిందని చెప్పి
అరచేతుల మధ్య రుద్దుతూ కూర్చున్నాను.
బయట వరసలో
ఇంకా పదకొండు మంది.