పదకొండో తలుపు

తలుపులు పదకొండని లెక్క రాసిచ్చారు.
పది బాగుచేశాను.
పదకొండోదాని ముందు తోపడా పట్టుకుని కూర్చున్నాను
పొద్దున్నించీ.

కాకినాడలో జగన్నాథపురం వంతెన దిగి
ఎడం చేతి సందులోకి తిరిగితే
ఉప్పుటేటి గాలి మొదట తగిలే ఇల్లిది.
నూకల కామేశం గారు నువ్వుల మీద కట్టించారు,
అంటే నువ్వులమ్మిన డబ్బు మీద.
ముసురు పట్టిందంటే గోడలింకా
గానుగ వాసనేస్తాయంటుంది వాచ్‌మన్ పెళ్ళాం.
దానికి హోటలు వాళ్ళు
నిమ్మగడ్డి నూనె చల్లిస్తున్నారు.

నా చిన్నప్పుడిది లాడ్జి.
గదికి రెండు మంచాలు, ఒక కూజా,
గోడ మీద 'ఉమ్మరాదు', సరిగ్గా దాని మీదే ఉమ్ము.
రొయ్య సీడు బేరగాళ్ళూ, సర్కసు వాళ్ళూ,
కోర్టు పనికొచ్చి, వాయిదా పడితే
మళ్ళీ అదే మంచం మీద పడేవాళ్ళూ.
చివరికి లాడ్జీయే వాయిదాల్లో పడింది.
అన్నదమ్ములు ముగ్గురు, తాళాలు నాలుగు.
పంతొమ్మిదేళ్ళు పావురాలు కాపరముండి
పైసా అద్దె కట్టలేదు.

ఇప్పుడు బుటీక్ హోటలు.
అంటే ఏమిటని సూపర్‌వైజర్నడిగాను.
గదులు తక్కువ, అద్దె ఎక్కువ మేస్త్రీ, అన్నాడు.

ముందు హాల్లో ఇత్తడి రేకు మీద చరిత్ర చెక్కించారు.
ఏడు వరసలు.
కామేశం గారున్నారు, ఆయన గుర్రబ్బండి ఉంది,
విందుకొచ్చిన దొర కూడా ఉన్నాడు.
వెనక వసారా లేదు.

వెనక వసారాలో
రంగం వెళ్ళేవాళ్ళని పడుకోబెట్టేవారు.
తలకి అర్ధణా, చాప ఎవరిది వాళ్ళదే.
తాళ్ళరేవు నుంచి, ద్రాక్షారం నుంచి, లంకల్లోంచి
వచ్చి పడేవారు జనం,
స్టీమరు లంగరేసిందాకా,
మేస్త్రీ పేరు పిలిచిందాకా.
మా తాత గంగాచారి పదహారు రాత్రులున్నాడట అక్కడ
ఉలిసంచి తలకింద పెట్టుకుని.
ఇది మా ఇంట్లో చెప్పుకునే మాట,
రేకు మీది మాట కాదు.
రంగం మీద బాంబులు పడ్డ ఏడు
అందరితోపాటు నడిచి బయల్దేరాడు.
సంచి వచ్చింది.
ఇంకెవరో మోసుకొచ్చారు.

ఈ తలుపు ఆ వసారాది.
కర్ర రంగం టేకు. అప్పట్లో అంతే,
మనుషులు అటు, టేకు ఇటు.
ఆకుపచ్చ గీకితే నీలం,
నీలం గీకితే ఒట్టి కర్ర,
కూర్చున్నవాడి చెయ్యానే ఎత్తులో గీతలు.
మేకుతో గీసినవి కావు, ఉలివి.
పని తెలిసిన చెయ్యి.
పద్నాలుగు.

పదహారు కాదు.
లైటు తెచ్చి లెక్కపెట్టాను,
కళ్ళు మూసుకుని వేలితో లెక్కపెట్టాను.
వేరెవడో అయ్యుండొచ్చు,
ఆ వసారాకి వడ్రంగులేం కొదవా.
లేదూ, ఆఖరి రెండు రాత్రులూ
గీత గీసే మనసు లేదేమో.

సూపర్‌వైజర్ ఫోటో తీసి మేడమ్‌కి పంపాడు.
నిమిషంలో జవాబు:
ఉంచండి, చాలా బాగుంది, పైన చిన్న లైటు పెడదాం.
గదికి పేరు కూడా తట్టిందావిడకి, రంగూన్ రూమ్.
రాత్రికి తొమ్మిది వేలు, టిఫినుతో.

తోపడా సంచిలో పెట్టేశాను.
తలుపుకి నువ్వుల నూనె పట్టించాను,
నా డబ్బుల్తో తెచ్చిందే.
గీతలున్నచోట గుడ్డ పెట్టలేదు, చేత్తో రాశాను.
ఎవడి రాత్రులైతేనేం.

బిల్లులో ఇలా రాశాను:
తలుపులు పదకొండు, కూలి పదింటికి.
సూపర్‌వైజర్ నా లెక్క తప్పిందనుకుని
పదిని పదకొండు చేశాడు.
చెయ్యనిచ్చాను.
మనవరాలి ఫీజు కట్టాలి, సోమవారం.