వెంట్రుకవాసి

"ముందు ఉంగరం తీయి" అంది నెవెంక.
నాకు ఉంగరం లేదు.
"అయితే బెల్టు బకిల్. గడియారం. జేబులో ఆ పెన్ను.
గీత పెట్టేవన్నీ ఈ డబ్బాలో వెయ్యి."
తన పెళ్ళి ఉంగరం అప్పటికే అందులో ఉంది
తుప్పు పట్టిన రెండు మరల పక్కన.
ఇరవై ఆరేళ్ళుగా పగలు డబ్బాలో, రాత్రి వేలికి.
"సగం కాపురం" అని తనే నవ్వింది.

బయట కోపర్ రేవులో
బోరా గాలి సముద్రాన్ని తిరగబోసి
ఊరంతటికీ ఉప్పు చల్లుతోంది.
లోపల, నిన్న ఓడ దిగిన తెల్ల కారు,
బానెట్ మీద ఇంకా ప్లాస్టిక్ పొర,
తలుపు అంచులకు నీలం స్పాంజి ముక్కలు.

పొర లాగడానికీ ఒక ఓపిక ఉంది.
నిద్రపోయే బిడ్డ కింద దుప్పటి మార్చినట్టు లాగాలి.
ఆ తర్వాత నీళ్ళు. ఉత్త నీళ్ళు.
"చెయ్యి పెట్టకు. ఎడారి ఇసుక కూడా ఉంటుంది ఇందులో,
సముద్రం దాటి వచ్చింది.
దాని దారిన దాన్ని పోనిస్తే పోతుంది,
తుడిస్తే పగబడుతుంది."

రైలు చక్రాలు చిమ్మిన ఇనుప రజను
కంటికి ఆనలేదు నాకు.
మందు చల్లి నిలబడ్డాం.
కాసేపటికి తెల్ల తలుపు మీద
వంకాయ రంగు ధారలు.
ఇంత ఇనుము మోసుకొచ్చిందా ఇది, కిక్కురుమనకుండా?

సిగరెట్ పెట్టె మీది పల్చటి కవరు
నా వేళ్ళకు తొడిగింది.
"కళ్ళు మూసుకో."
బియ్యంలో రాళ్ళు ఏరే చేతికి తెలిసినట్టు
ఒక్కొక్కటే తెలియసాగింది:
ఇక్కడ గరుకు. ఇక్కడ కాదు. ఇక్కడ, మళ్ళీ.
మెత్తటి బంకమట్టి ముద్దతో
ఆ గరుకునంతా నెమ్మదిగా పీల్చేశాం.
మందం కొలిచే మిషను నూట పద్దెనిమిది అంది,
నూట ఇరవై అంది,
ఎక్కడా తడబడలేదు.

దీపం వాలుగా పట్టుకున్నప్పుడు దొరికింది.
ఎడమ వెనక చక్రం పైన,
వార్నిష్ పొర అడుగున,
వంపు తిరిగిన నల్లటి నలుసు.
కనురెప్ప వెంట్రుక.
ఏ దేశపు ఫ్యాక్టరీలోనో, ఏ రాత్రి షిఫ్టు చివరనో
ముసుగు పక్కకి జరిపి ఎవరో కన్ను నలుపుకున్నారు.

"రాయకండి" అన్నాను.
"వెంట్రుకవాసి. ఎవరికి కనబడుతుంది?"
"నీకు కనబడింది కదా" అని
కాగితం మీద పొడవు కూడా రాసింది. ఏడు మిల్లీమీటర్లు.

ఫుర్లానిచ్ వచ్చి తల పట్టుకున్నాడు.
గీకి మళ్ళీ రంగు వేస్తే
ఆ చోట మందం రెట్టింపు చూపిస్తుంది మిషను.
అప్పుడిది దెబ్బ తిని బాగుపడ్డ కారు.
ఉంచితే కొత్తది.
అంటే మచ్చ తీస్తేనే మచ్చ పడుతుంది.
ఈ లెక్క నాకు ఇప్పటికీ సరిగ్గా ఎక్కలేదు.

మూడింటికి ఆల్బీనా వచ్చింది, మారెజిగె కొండ మీంచి,
ఆలివ్ తోటల మనిషి, గోళ్ళలో మట్టి.
నెవెంక ఏమీ దాచలేదు. దీపం పట్టి చూపించింది.
ఆవిడ కళ్ళద్దాలు మార్చుకుని వంగింది.
చాలాసేపు వంగే ఉంది.
"పోతుందా?"
"పోదు."
"పెరుగుతుందా?"
"పెరగదు."
"పాపం, ఎవరిదో" అంది,
తాళాలు అందుకుంది,
సంతకం పెట్టడానికి వీలుగా
ఇత్తడి కొక్కేల చేతిసంచీని
ధన్‌మని బానెట్ మీద పడేసింది.

నెవెంక కళ్ళు మూసుకుంది.
నేను లోపల ఆ చప్పుడు పొడవు కొలుస్తున్నాను.

చీకటి పడ్డాక డబ్బాలోంచి
ఉంగరం తీసుకుంది.
అలవాటు కాబోలు, దాన్నీ దీపం కింద
వాలుగా తిప్పి చూసింది.
గీతలు. గీతల మీద గీతలు.
ఏమీ రాయలేదు.
వేలికి ఎక్కించుకుని
దీపం ఆర్పింది.