అమ్మకం కాగితంలో లేనివి

మూడు పడకగదులు, కట్టెల పొయ్యి, రెండు వాననీళ్ల ట్యాంకులు,
పదహారు ఎకరాల వాలు, సముద్రం కనిపించే వరండా.
ఏజెంటు అంతవరకే రాశాడు.
కాగితం చిన్నది, అతని తప్పేం లేదు.
మిగిలింది నడుస్తూ చెబుతాను. బూట్లు వేసుకోండి, బురద.

గేటుని ఎత్తి తోయాలి, లాగితే రాదు.
సెప్టిక్ ట్యాంకు మూత ఆ హేబీ పొద కింద ఉంది.
అదెక్కడో మరిచిపోయి ఒక ఏడు పెరడంతా తవ్వాం,
ఆ గుంటల్లోనే బంగాళాదుంపలు పెట్టేశాం.

కత్తుల కట్టలా నిలబడిందే, అది హరకెకె.
బుట్టలల్లడానికి మెరెయానా వచ్చి కోసుకుంటుంది.
మీరు కొన్నా వస్తుంది.
వాళ్ల అమ్మమ్మ కోసిననాడు ఇక్కడ గేటే లేదు.
నడిమి ఆకు బిడ్డ,
అటొకటీ ఇటొకటీ అమ్మా నాన్నా.
ఆ మూడింటి జోలికి పోకూడదు, వానలో కోయకూడదు.
తెలియక మొదటి ఏడు నేను మొదలంటా నరికేశాను.
ఆమె వచ్చి చూసి
మెట్టు మీద కూర్చుని టీ అడిగింది.
తిట్టినా బాగుండేది.

ఈ కోవై చెట్టు గింజ నుంచి వచ్చింది.
గింజ కాదు, గులకరాయి.
ఆకురాయితో గీటు పెట్టి రాత్రంతా నానబోశాను.
పద్నాలుగేళ్లు ఒక్క పువ్వు లేదు.
పదిహేనో సెప్టెంబరులో ఆకు కనపడకుండా పూసింది.
తూయీ పిట్ట తలకిందులుగా వేలాడి
పుప్పొడి నుదుటికి పట్టించుకుని
నలుగు పెట్టిన పెళ్లికొడుకులా
మా వరండా మీద గొడవ చేసింది.

సరే, వెనక వాలు.
మీరు అడగబోయేది దాని గురించేనని తెలుసు,
ఫోటోల్లోకి ఏజెంటు దాన్ని రానివ్వలేదు.
ఆ పసుపూ ఆ ముళ్లూ గోర్స్.
గొర్రెలకు కంచె అవుతుందని ఎవరో ఓడలో తెచ్చారు,
కంచె గొర్రెల కన్నా ముందు కొండెక్కింది.
వాసన చూడండి. పచ్చికొబ్బరి.
ఆల్విన్ ఆ వాసనకే కోపంగా నిద్ర లేచేవాడు.

ముప్పై ఒక్క ఏళ్లు.
కొడవలి, మందు, నిప్పు.
కాల్చిన ప్రతి వేసవి తర్వాతా రెట్టింపై లేచింది.
మంట సెగకే దాని గింజకు మెలకువ వస్తుందని
మాకెవరూ చెప్పలేదు.
ముల్లును ముల్లుతోనే తీయాలంటారు.
మేం నిప్పుతో తీయబోయి నారుమడి పోశాం.

తర్వాత అతని మోకాళ్లు పోయాయి.
వాలు వాలుగానే ఉండిపోయింది.
కిటికీకి వీపు పెట్టి భోంచేసేవాడు,
మేం దాని పేరెత్తడం మానేశాం.

ఆరేళ్లకి, తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం
ఆ పొదల్లోకి పాకాను.
మోచేతులు గీరుకుపోయాయి, టోపీ ఎక్కడో చిక్కుకుంది.
లోపల గాలి లేదు, ఎండ లేదు,
తడి ఆకులు కుళ్లిన నల్లటి మన్ను.
ఆ చీకట్లో వేలెడంత మాహోయె మొక్కలు.
ఒకటీ రెండూ కాదు. లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టాను.
కెరెరూ పావురాలు కొమ్మ మీంచి వదిలిన గింజలవి.
ముళ్లుండబట్టే గొర్రెలు ముట్టలేదు.
మేం చంపాలని చూసిందే
వాటికి గొడుగు పట్టుకుని కూర్చుంది.

గొర్రెపిల్ల దొరకలేదు.

ఆల్విన్‌కి చెబితే నమ్మలేదు.
మర్నాడు పొద్దున చూస్తే
అతని కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది.
అతను చూసినంతలో అవి నడుం దాకా ఎదిగాయి.
ఇప్పుడు, అదిగో ఆ కింది సగం, మీ తల దాటాయి.
వాటి నీడలో గోర్స్ బూడిదరంగులో
నిలబడే ఎండిపోతోంది.
ఇందులో నీతి వెతకకండి,
నేను వెతికి విసిగిపోయాను.

ఆ, యంత్రంతో అయితే రెండు రోజుల పని.
డూగల్ దగ్గరుంది, నంబరు ఫ్రిజ్ మీద అంటించాను.
శుక్రవారం నుంచి నేల మీది, నాకు అడ్డు చెప్పే హక్కు లేదు.
అతనికి ఫోన్ చేసే ముందు
ఒక్కసారి మోకాళ్ల మీద లోపలికి వెళ్లి రండి.

బట్టలుతికే గది తలుపు వెనక మేకుకి
ఆల్విన్ తోలు చేతితొడుగులు వదిలేస్తున్నాను.
ఎడమదానికి బొటనవేలి దగ్గర చిరుగుంది,
చూసుకోండి.