ఎక్కనోళ్ల టికెట్లు

ఇప్పలగడ్డ.
బోర్డు మీద నాలుగు లిపులల్ల ఉంటది మా ఊరు.
ఇంగ్లీషుల ఒక పీ తక్కువ.
ఉర్దూల ఒక చుక్క రాలిపోయింది.
హిందీల చదివిన కొత్త డ్రైవరు
ఇదేమన్న తినేదా అని అడిగిండట.
తెలుగొక్కటే సక్కగుంది గాని
దాని మీద బోరు పాయింట్లు చూసేటాయన
ఫోన్ నంబరు అతికిచ్చిండు.

నేను స్టేషన్ మాస్టర్ను కాదు,
కమీషన్ మీద టికెట్లమ్మేదాన్ని.
కాజీపేటకు పోయి, ముందుగాల పైసలు కట్టి
కట్ట తెచ్చుకుంట.
జెండా లేదు, టోపీ లేదు.
తాళంచెవి ఉంది, చీపురుంది.

గోడలు గట్టు రాయి.
వడ్డెరోళ్ల ఉలి దెబ్బలు
ఇంకా లెక్కవెట్టొచ్చు ఒక్కో రాయికి.
ఒక గది తలుపు మీద జనానా అని రాసుంటది,
లోపల మక్కల సంచులు.
టోకెన్ మిషను పీక్కపోయిన చోట నాలుగు బోల్టులు మిగిలినయ్,
ఒకదానికి నా గొడుగు, ఒకదానికి సద్ది డబ్బ.

ఓదెలు తాత ముప్పై నాలుగేండ్లు పాయింట్స్‌మ్యాన్.
రోజారియో సాబ్ మిషను తిప్పితే
ఇనుప గుండు టక్కున చేతుల పడేదట.
తోలు సంచిల ఏసి, బెత్తం రింగుకు కట్టి
ఉరికే ఇంజన్‌కు అందియ్యాలె.
అది లేంది బండికి ముందటి పట్టా మీద హక్కు లేదు.
ఒక్క రాత్రి, వానల, అందలేదు.
రింగు తాత భుజాన్ని గుంజుకపోయింది.
ఆ దినం సంది ఎడమ చేత్తోనే అన్నం తినేది.
ఏ పెండ్లి బంతిల గూడ ఎవ్వలు నవ్వకపోయేది.

కరువేడు భీమండి పోయే సాలోళ్లు
మూడు రోజులు ఈడనే వండుకున్నరట.
పొయ్యి మసి చూరు కింద అట్లనే ఉంది,
రెండు సార్లు సున్నమేసినా పైకి తేల్తది.

టికెట్ కిటికీ కింది రాయి చూడుండ్రి.
హాలీ సిక్కా, అణా, పావలా
జరిపి జరిపి
బొటనవేలంత గుంత పడ్డది.
ఇప్పుడు పైసలు జరగయి, ఫోన్ల మోగుతయి.
గుంతల తడి స్పాంజి పెట్టుకున్న,
టికెట్లు తెంప.

పోయినేడు కాయితమొచ్చింది:
దినానికి ఇరవై ఐదు తెగకుంటే
బండి ఆగదు.
ఎవ్వలకు చెప్పలె.
మూడు దినాలు నా పైసలతోని నేనే తెంపిన.
సీతాఫలాల గంప దించుకుంట ఐలవ్వ చూసింది.
"గీటి మీద ఎవలు పోతున్రు బిడ్డా?"
నేను స్పాంజి ఒత్తుకుంట కూసున్న.
తెల్లారి ఆమె రెండు కొన్నది,
ఒకటి తనకు, ఒకటి గంపకు.

ఎట్ల పాకిందో.
సర్వర్ పాషా మేకలు తోలుకొచ్చి
హాఫ్ టికెట్ ఏ వయసు దాక అన్నడు.
కానిస్టేబుల్ పరీక్షకు ఉరికే పొల్లగాండ్లు
పదకొండు మంది, బూట్లు నలుగురికే,
"గ్రౌండ్ కిరాయక్కా" అని
పది రూపాయలొక్కొక్కరు.
అందరికన్న ముందు ఓదెలు తాత మనుమరాలు స్వరూప.
పొద్దుగాల బొగ్గు బండితోని పందెం.
ఏనాడూ గెలవదు,
యాభై ఎనిమిది డబ్బలాయె.
అయిదో డబ్బ దాక మాత్రం పక్కపొంటే ఉంటది.

నిన్న లెక్కలు చూసేటాయన దిగిండు.
మూడో లైనోళ్లు గోడకు రాసిన ఎర్ర నంబరును
చేత్తోని రుద్ది చూసిండు. పోలె.
తెగినయ్ ఇరవై ఏడు, ఎక్కింది ఆరుగురు.
"మిగతావాళ్లేరమ్మా?"
కిటికీలకెల్లి ఏలు చూపిన.
ఉరుకుతున్నరు.
ఐలవ్వ గంప పక్కకు కాళ్లు చాపుకొని
టికెట్‌తోని చెవి గోక్కుంటున్నది.

చాలసేపు చూసిండు.
పుస్తకం తీసి ఏందో రాసుకున్నడు.
కిటికీ ఇవతలికెల్లి తలకిందులుగ చదువబోయిన,
అంత ఇంగ్లీషు నాకు రాదు.
మా ఊరి పేరు మాత్రం దొరికింది.
అండ్ల గూడ
ఒక పీ తక్కువే.